పగిలిన కప్పు ఎవరిది?: పాత సామాను, ఇంటి పొదుపు, కులం

పొదుపు గురించి మనకు పాఠాలు చెప్పేవాళ్లకు కొదవ లేదు. పాత చీర పారేయకండి, దిండు గలీబు కుట్టుకోండి; ఖాళీ సీసాలో పప్పులు పోసుకోండి; చెవి ఊడిన కప్పులో మట్టి నింపి మొక్క పెట్టుకోండి. పత్రికల ఆదివారం అనుబంధాల్లో, మహిళల పేజీల్లో ఈ సలహాలు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు వాటికి పర్యావరణం అనే గౌరవనీయమైన పేరు కూడా తోడైంది. ఈ సలహాల్లో తప్పేమీ లేదు. పాత వస్తువును మళ్లీ వాడితే డబ్బు మిగులుతుంది, చెత్త తగ్గుతుంది. కాని వీటిని చదివినప్పుడల్లా మాకొక ప్రశ్న అడ్డం వస్తుంది. ఈ దేశంలో పాత వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయింది? దాన్ని కొత్త పనికి మలిచిన శ్రమ ఎవరిది? అందులో మిగిలిన డబ్బు ఎవరి ఇంట్లో మిగిలింది?

ఇంటి సామాను చరిత్ర ఇంతవరకు చరిత్రగా లెక్కకు రాలేదు. రాజుల ఆయుధాలు మ్యూజియంలో ఉంటాయి. మన అమ్మలు కుట్టిన బొంతలు ఉండవు. హైదరాబాద్ తూర్పు కొసన దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల్లో ఉండి చదువుకున్న వాళ్లుగా, ఆ గల్లీల్లో కళ్ల ముందు కనిపించే పాత సామాను నుంచే ఈ చర్చ మొదలుపెడుతున్నాం.

శాస్త్రంగా రాసిపెట్టిన పాత సామాను

పాత వస్తువు కింది వాళ్లకు పోవడం ఏదో దయ వల్ల జరిగిన పని కాదు. దాన్ని ధర్మంగా రాసిపెట్టారు. మనుస్మృతి పదో అధ్యాయంలో శూద్ర సేవకుడికి ఏమివ్వాలో చెప్పారు. తినగా మిగిలిన ఎంగిలి అన్నం, చిరిగిన పాత బట్టలు, గింజల్లో తాలు, పాతబడిన ఇంటి సామాను. అదే అధ్యాయంలో చండాలుడి గురించి ఇంకా కఠినంగా చెప్పారు. అతని బట్ట శవం మీది బట్ట కావాలి, తినే పాత్ర పగిలిన పాత్ర కావాలి, నగ ఇనుప నగ కావాలి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఇది పేదరికం గురించి చెప్పిన మాట కాదు. పేదవాడికి డబ్బు దొరికితే కొత్త గిన్నె కొనుక్కుంటాడు. ఈ శాస్త్రం చెప్పింది, డబ్బు దొరికినా కొనుక్కోకూడదని. పాత వస్తువు వాడటాన్ని అవసరంగా కాక గుర్తుగా మార్చింది. ఎవరి ఒంటి మీద ఏ బట్ట, ఎవరి చేతిలో ఏ పాత్ర అన్నదాన్ని బట్టి కులం దూరం నుంచే కనిపించాలి. 1927 డిసెంబర్ 25న మహద్‌లో అంబేద్కర్ నాయకత్వంలో మనుస్మృతిని తగలబెట్టినప్పుడు ఆ మంటలో కాలిన వాటిలో ఈ పగిలిన పాత్ర సూత్రం కూడా ఉంది. అంతకు తొమ్మిది నెలల ముందు, మార్చిలో అదే మహద్‌లో జరిగిన సభలో అంబేద్కర్ తన జనాన్ని చచ్చిన పశువుల మాంసం మానమన్నాడు, ఎంగిలి మెతుకుల కోసం చేయి చాపొద్దన్నాడు. డిసెంబర్ సభకు వచ్చిన ఆడవాళ్లతో ప్రత్యేకంగా మాట్లాడుతూ, చీర కట్టు దగ్గర నుంచి నగల దాకా అంటరానితనాన్ని చాటే గుర్తులన్నీ వదిలేయమన్నాడు. బట్టా గిన్నే చిన్న విషయాలని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

కొత్త బిందె నేరమైన చరిత్ర

1936లో అచ్చయిన 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ కొన్ని సంఘటనలు పేర్కొన్నాడు. వాటిని ఇంటి సామాను చరిత్రగా మళ్లీ చదవాల్సిన అవసరం ఉంది. 1935 నవంబర్‌లో, అహ్మదాబాద్ జిల్లా జాను గ్రామంలో, కాస్త కలిగిన అంటరాని కుటుంబాల ఆడవాళ్లు లోహపు బిందెలతో నీళ్లు తేవడం మొదలుపెట్టారు. సవర్ణ హిందువులు దాన్ని తమకు అవమానంగా భావించి ఆ ఆడవాళ్ల మీద పడి కొట్టారు. 1928లో ఇండోర్ ప్రాంతపు గ్రామాల్లో బలాయీలకు పెట్టిన షరతుల్లో జరీ అంచు తలపాగా కట్టొద్దు, రంగు అంచు ధోవతి కట్టొద్దు, వాళ్ల ఆడవాళ్లు వెండి బంగారాలు పెట్టొద్దు అన్నవి ఉన్నాయి. 1936లో జయపూర్ సంస్థానంలోని చక్వారాలో తీర్థయాత్ర చేసి వచ్చిన ఒక అంటరానివాడు తన వాళ్లకు నెయ్యి వేసి విందు పెట్టాడు. లాఠీలతో వచ్చి విందు చెడగొట్టారు.

ఈ సంఘటనల్లో దెబ్బలు తిన్నవాళ్లు ఎవరి ఆస్తీ లాక్కోలేదు. తమ డబ్బుతో తాము బిందె కొనుక్కున్నారు, నెయ్యి కొనుక్కున్నారు. పాతదాన్నే వాడాలన్న ఆజ్ఞను మీరారు. అదే నేరం.

మన దగ్గరికి వద్దాం. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. దానికి ముందు రోజు గొడవ ఎక్కడ మొదలైంది? దళితులు తాగే నీళ్ల చెరువు దగ్గర. బర్రెల కుడితి బకెట్ కడిగిన నీళ్లు తాగే నీళ్లలో కలుస్తున్నాయని అడిగినందుకు. కొట్టడానికి వచ్చినవాడి మీదికి మున్నంగి సువార్త తన చేతిలోని బిందె ఎత్తింది. నీళ్లు మోసే బిందెను రక్షణకు వాడటం కంటే పెద్ద 'మరో ఉపయోగం' ఏముంటుంది? ఆ బిందె నుంచే దళిత మహాసభ దాకా, ఈ పత్రికల దాకా ఒక దారి పడింది. జాను నుంచి కారంచేడు దాకా యాభై ఏళ్లు. బిందె మాత్రం అదే.

ఊరి నుంచి గడ్డిఅన్నారం దాకా

ఎల్బీనగర్ చౌరస్తా రెండు దారులు కలిసే చోటు. ఒకటి విజయవాడ రహదారి, ఇంకొకటి నాగార్జునసాగర్ రోడ్డు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, దేవరకొండ నుంచి బతకొచ్చిన వాళ్లకు నగరం ఇక్కడే మొదలవుతుంది. పొద్దున్నే అడ్డా మీద పార, గమేళా పట్టుకుని నిలబడే కూలీలు, మేడల్లో అంట్లు తోమే ఆడవాళ్లు, కోచింగు కోసం వచ్చి హాస్టళ్లలో ఒక మంచం అద్దెకు తీసుకునే పిల్లలు, అందరూ ఈ దారినే దిగారు. 1986లో జాంబాగ్ నుంచి పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారం వచ్చాక హమాలీలు, తోపుడు బండ్ల వాళ్లు, గంపలు అల్లేవాళ్లు చుట్టుపక్కల బస్తీల్లో కుదురుకున్నారు. 2007లో ఎల్బీనగర్, గడ్డిఅన్నారం మున్సిపాలిటీలు మహానగర పాలక సంస్థలో కలిశాయి. 2018 సెప్టెంబర్‌లో మెట్రో వచ్చింది. 2021-22లో పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోయింది.

ఆ మార్కెట్ ఉన్న రోజుల్లో పండ్లొచ్చిన చెక్క పెట్టెలు బస్తీ ఇండ్లల్లో వంటింటి అల్మారాలయ్యాయి, పిల్లల పుస్తకాల బీరువాలయ్యాయి, పొయ్యి కట్టెలయ్యాయి. పెట్టెలో పరిచిన గడ్డి పరుపు కిందికి పోయేది. డాల్డా డబ్బా బాత్రూం చెంబయింది. పదహారు పద్దెనిమిది లీటర్లు పట్టే కిరసనాయిలు డబ్బా ముందు నీళ్ల డబ్బా, తుప్పు పట్టాక కోసి చదును చేస్తే దడికి తలుపు. రంగుల కంపెనీ బకెట్ నీళ్ల బకెట్. సిమెంటు సంచి నేల మీద పట్టా. ఇరవై అయిదు కిలోల బియ్యం సంచి అంగడి సంచి. ఈ మధ్య కాలంలో ఎన్నికలప్పుడు కట్టిన ఫ్లెక్సీలు గుడిసెల కప్పులయ్యాయి. నాయకుడి ముఖం లోపలి వైపు ఉంటుందా, బయటి వైపు ఉంటుందా అన్నది వానకు ఏ వైపు తట్టుకుంటుందన్న దాన్ని బట్టి నిర్ణయమవుతుంది.

ఇవన్నీ ఏ పత్రికా చెప్పని చిట్కాలు. చదువు లేని మా తల్లులు తమంతట తాము కనిపెట్టిన జ్ఞానం. బొంతనే తీసుకోండి. ఏ చీర మెత్తబడింది, ఏది ఇంకా నిలుస్తుంది, లోపలి పొరకు ఏది, పైపొరకు ఏది, దారం ఎంత దూరానికి కుడితే ఉతుకులకు ఆగుతుంది అన్న లెక్క అందులో ఉంది. నాలుగైదు చీరలు కలిస్తే ఒక బొంత. అది చిరిగితే పసిపిల్ల కింద బట్ట. అది కూడా చిరిగితే పొయ్యి మీది గిన్నె దించే మసిగుడ్డ. ఒక బట్ట ఇరవై ఏళ్ల పాటు ఒకే ఇంట్లో పని చేస్తుంది. దాన్ని ఎవరూ పొదుపు అనలేదు. బతుకు అన్నారు.

ఇంకో పక్క ఊళ్లో మాదిగలు చచ్చిన పశువు తోలును చెప్పులుగా, మోట బొక్కెనగా, పలుపుగా, డప్పుగా మార్చారు. తెలంగాణ పల్లెల్లో దొరకు చెప్పులు వెట్టిగా కుట్టిచ్చారు. వృథా పోయేదాన్ని వ్యవసాయానికి పనికొచ్చే పరికరంగా మార్చిన సాంకేతిక జ్ఞానం అది. ఊరికి ఆ పరికరం కావాలి, చేసిన చెయ్యి మాత్రం అంటరానిది. తర్వాత లారీ టైర్లు వచ్చాయి. తోలు బొక్కెన పోయి టైరు బొక్కెన, తోలు చెప్పు పోయి టైరు చెప్పు. వస్తువు మారింది, కుట్టే కులం చాలా చోట్ల మారలేదు. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద గొడుగు కింద కూర్చుని మన చెప్పులకు ఇంకో ఏడాది ఆయుష్షు పోసే మనిషిని పర్యావరణ కార్యకర్త అని ఎవరూ పిలవరు.

చెవి ఊడిన కప్పు, పాత చీర

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చెవి ఊడిన కప్పులో మొక్క పెట్టమని పత్రిక చెబుతుంది. కాని కాలనీ ఇండ్లల్లో ఆ కప్పుకు మొక్క కంటే ముందు ఇంకో ఉపయోగం ఉంది. అది పనిమనిషి కప్పవుతుంది. వంటింటి అరుగు చివరన, లేదా వెనక కిటికీలో బోర్లించి ఉంటుంది. చాయి పోసేటప్పుడు కప్పు తగలకుండా పై నుంచి పోస్తారు. తాగినామె దాన్ని కడిగి మళ్లీ అక్కడే పెడుతుంది. ఇంటి గిన్నెలన్నీ తోమేది ఆమే. ఆమె తోమిన గ్లాసులో ఇంటివాళ్లు తాగుతారు. ఆమె తాగిన గ్లాసులో మాత్రం తాగరు. ఇందులో శుభ్రత ఎక్కడుంది? పగిలిన పాత్ర ఎవరిదో పదో అధ్యాయంలో రాసిపెట్టిన మాట, మొజాయిక్ గచ్చు వేసిన అపార్టుమెంటులో చప్పుడు లేకుండా అమలవుతోంది. ఇంటావిడకు ఆ శ్లోకం తెలియకపోవచ్చు. తెలియాల్సిన అవసరం లేకపోవడమే కులం బలం.

పాత చీర సంగతీ అంతే. దసరాకో సంక్రాంతికో పాత చీర ఇచ్చి, జీతం పెంచమని అడిగినప్పుడు 'మొన్ననే కదమ్మా చీర ఇచ్చిన' అంటారు. చీర బహుమానంగా వస్తుంది, లెక్కలో జీతంగా పోతుంది. ఆ చీరకు ధర ఉందని మొదట చూపించింది సంస్కర్తలు కాదు, గల్లీలో 'పాత బట్టలకు స్టీలు సామాన్లు' అని అరుచుకుంటూ వచ్చే గంప ఆమె. నాలుగు చీరలకు ఒక గిన్నె అని బేరం తేలినప్పుడు రెండు సంగతులు బయటపడ్డాయి. దానం చేస్తున్నామన్న చీరకు బజారులో విలువ ఉందన్నది ఒకటి. మంచి చీరలు స్టీలు గిన్నెకు పోయి, ఆమె కూడా వద్దన్న చీరలే పనిమనిషికి వస్తున్నాయన్నది రెండోది.

ఇక్కడ మేము మూడు రకాల పాత వస్తువులను విడదీసి చూడాలంటున్నాం. మన వస్తువును మనమే మళ్లీ వాడుకోవడం ఒకటి. బొంత అలాంటిది. ఇంకొకరి పాతదాన్ని డబ్బిచ్చి కొనుక్కోవడం రెండోది. కోఠిలో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, జుమ్మేరాత్ బజారులో కొనేది అలాంటిది. సగం ధరకు కొన్న పాత పుస్తకంలో ఇంకెవరి పేరో రాసి ఉంటుంది. దాన్ని కొట్టేసి మన పేరు రాసుకుంటాం. అమ్మినవాడికి మన కులంతో పని లేదు, మనం ఎవరికీ వంగి దండం పెట్టలేదు. మన ఇండ్ల నుంచి మొదటిసారి డిగ్రీ చదివిన వాళ్లలో చాలామంది ఆ ఫుట్‌పాత్ పుస్తకాల మీదే చదివాం. మూడోది ఇచ్చిన పాతది. వద్దనే వీలు లేకుండా, జీతానికి బదులుగా, చేతికి అంటకుండా పై నుంచి పడేసినది. మూడు చోట్లా వస్తువు పాతదే కావచ్చు, మూడింటిలో మనిషి స్థానం మాత్రం ఒకటి కాదు. పొదుపు చిట్కాలు ఈ తేడాను చెరిపేస్తాయి.

వాడి పారేసే గ్లాసు కథ

పల్లె హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 1950 నాటి రాజ్యాంగంలో పదిహేడో అధికరణం ఉంది, 1955 చట్టం ఉంది, 1989 చట్టం ఉంది. అయినా 2001 నాటికి కూడా ఆంధ్రప్రదేశ్‌లో అంటరానితనం మీద జస్టిస్ పున్నయ్య కమిషన్ విచారణ జరపాల్సి వచ్చింది. దళితుడి గ్లాసు వేరుగా దూలానికో చూరుకో ఉండేది, తాగి తానే కడిగి పెట్టాలి. చాలా చోట్ల ఈ పద్ధతి ఉద్యమాల ఒత్తిడితో, కేసుల భయంతో తగ్గింది. కాని ఇంకొన్ని చోట్ల దాన్ని ఆపింది హోటలు యజమాని మారిన మనసు కాదు, ప్లాస్టిక్ గ్లాసు. అందరికీ వాడి పారేసే గ్లాసు ఇస్తే ఎవరి ఎంగిలి ఎవరూ కడగక్కర్లేదు. ఒకే గ్లాసులో తాగే సమానత్వం రాకుండానే రెండు గ్లాసుల నేరం మాయమైంది.

ఇప్పుడు పర్యావరణవాదులు ప్లాస్టిక్ గ్లాసు వద్దంటున్నారు. మేమూ వద్దంటాం. కాని దాని స్థానంలో ఏ గ్లాసు వస్తుంది? కడిగి వాడే గాజు గ్లాసు మళ్లీ వచ్చినప్పుడు అది ఒకటే వస్తుందా, రెండై వస్తుందా? ఈ ప్రశ్న అడగకుండా 'పాత అలవాట్లకు తిరిగి వెళదాం' అనేవాళ్లతో మనం జాగ్రత్తగా ఉండాలి. ఆ పాత అలవాట్లలో మన గ్లాసు చూరులో ఉండేది.

మిగిలింది ఎవరు ఎత్తాలి?

2015లో హైదరాబాద్‌లో ఇంటింటికీ రెండు డబ్బాలు పంచారు. తడి చెత్తకు ఆకుపచ్చది, పొడి చెత్తకు నీలంది. స్వచ్ఛ ఆటోలు వచ్చాయి. చెత్తను ఇంట్లోనే వేరు చేయాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి, చెత్త ఏరుకునే వాళ్లను కూడా వ్యవస్థలో కలుపుకోవాలని చెప్పాయి. కాని ఆకుపచ్చ డబ్బా చాలా ఇండ్లల్లో బియ్యం డబ్బానో బాత్రూం బకెట్టో అయింది. చెత్త మాత్రం కలిపే వస్తోంది. దాన్ని వేరు చేసేది ఆటో వెనక నిలబడ్డ మనిషి, చాలాసార్లు ఒట్టి చేతులతో. పాత సామాను పొదుపుగా వాడుకోవడం ఇంటి గుణమైతే, వాడగా మిగిలింది వేరు చేయడం మాత్రం ఇంకొకరి కులమైంది.

2020 అక్టోబర్ వానలకు సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు కాలనీలు మునిగాయి. నీళ్లు తీశాక పరుపులు, బట్టలు, పుస్తకాలు, సోఫాలు బురదతో రోడ్ల మీదికి వచ్చాయి. కరోనా కాలం అది. ముట్టుకుంటే రోగం వస్తుందని మనుషులు మనుషులకు దూరంగా ఉన్న రోజుల్లో ఆ బురద సామాను ఎత్తింది పారిశుధ్య కార్మికులే. బస్తీల్లో మాత్రం తడిసిన పరుపును పారేయలేదు. నాలుగు రోజులు ఎండకు వేసి, దూది విప్పి, మళ్లీ కుట్టుకున్నారు. ఒకే వానకు కాలనీలో చెత్త అయిన వస్తువు బస్తీలో చెత్త కాలేకపోయింది. పారేసే స్తోమత కూడా ఒక ఆస్తే.

గర్వమా, సిగ్గా?

కొందరు మిత్రులు అంటున్నారు: మనమే అసలైన పర్యావరణవాదులం, వృథా చేయని సంస్కృతి మనది, దాన్ని గర్వంగా చెప్పుకుందాం అని. ఇంకొందరు అంటున్నారు: అదంతా దరిద్రం, దాన్ని కీర్తించడం మనల్ని మళ్లీ అక్కడికే తోయడం అని. రెండు వాదాల్లోనూ కొంత నిజముంది. చదువుకుని ఉద్యోగంలో చేరిన మన పిల్లలు మొదటి జీతంతో ఇంటికి కొత్త స్టీలు గిన్నెలు, కొత్త దుప్పట్లు తీసుకుపోతే, అమ్మ ఆ దుప్పటి పెట్టెలో దాచి బొంతే కప్పుకుంటుంది. పిల్లలకు కోపం వస్తుంది. ఆ కోపం మాకూ తెలుసు. కాని ఆమె దాస్తున్నది బానిసత్వం కాదు, రేపటి మీద భయం. కొత్త దుప్పటి కొనగలిగే హక్కు కోసం జాను ఆడవాళ్లు దెబ్బలు తిన్నారు. బొంత కుట్టగలిగే జ్ఞానం మన తల్లులు సంపాదించారు. ఒకదాని కోసం ఇంకొకటి వదులుకోవాల్సిన అవసరం లేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం కూడా పొదుపు ఉద్యమమే. ఇంటికి రావాల్సిన కూలి డబ్బు సారా పాకెట్లకు పోకుండా ఆడవాళ్లు ఆపారు, 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత రోజుకో రూపాయి దాచుకునే సంఘాలుగా ప్రభుత్వం దాన్ని మలిచింది. కాంట్రాక్టర్లతో తలపడిన ఆడవాళ్లకు చివరికి పొదుపు పాఠం చెప్పారు. పేదలకు పొదుపు నేర్పాలన్న ఆలోచన ఎప్పుడూ ఒక నిజాన్ని దాచిపెడుతుంది. పేదలకు తెలియనిది పొదుపు కాదు, వాళ్లకు అందనిది కూలి.

అందుకే పాత వస్తువును మళ్లీ వాడమని ఎవరు చెప్పినా మేము మూడు ప్రశ్నలు అడుగుతాం. వద్దనే స్వేచ్ఛ ఆ వస్తువు వాడేవాళ్లకు ఉందా? దాన్ని కడిగే, కుట్టే, ఏరే శ్రమ ఎవరిది, దానికి కూలి ఉందా? మిగిలిన డబ్బు ఎవరి ఇంటికి చేరుతోంది?

చాదర్‌ఘాట్‌లో భాగ్యరెడ్డి వర్మ కాలపు ఆది హిందూ భవనం ఉంది. 1906లో జగన్మిత్ర మండలితో మొదలుపెట్టిన ఆయన తాగుడు మానమన్నాడు, పిల్లల్ని బడికి పంపమన్నాడు, బడులు తానే పెట్టించాడు. ఆ తరం వాళ్లు ఏ బట్టలతో సభలకు వచ్చారు, ఇంట్లో ఏ పాత్రల్లో తిన్నారు, ఏవి పారేశారు, ఏవి దాచుకున్నారు అన్నది మన పరిశోధనలో ఇంకా చేరాల్సిన అధ్యాయం. అలాంటి చరిత్రకు ఆధారాలు గ్రంథాలయాల్లో కంటే మన ఇండ్లల్లోనే ఎక్కువ ఉన్నాయి. ట్రంకు పెట్టె అడుగున, అటక మీద, అమ్మ మాటల్లో. విద్యార్థి మిత్రులు సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్క బొంతను విప్పి చూసి, అందులో ఎవరెవరి చీరలున్నాయో, ఏవి కొన్నవో, ఏవి ఇచ్చినవో అమ్మను అడిగి రాసుకోవాలి. ఉపాధ్యాయులు ఆ రాతల్ని తరగతి గదిలో చదివించాలి.

ఇక చెవి ఊడిన కప్పు విషయం. అందులో మొక్క పెట్టుకోండి, మంచిదే. మనిషికి మాత్రం మీరు తాగే కప్పులోనే చాయి పోయండి.